గువ్వలచెరువు మిట్టలో కారు అరవకూడదంటే

ప్రశ్న: మాది కడప. 2012లో కొన్న వ్యాగన్ ఆర్ పెట్రోలు బండి ఉంది, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా నాయన. ఆఫీసుకు పోనూ రానూ ఆరు కిలోమీటర్లు. పెద్దోడు బెంగళూరులో చదువుతున్నాడు, రెండు నెలలకోసారి అక్కడికి పోతాం. తిరుపతికి ఏడాదికి రెండు మూడుసార్లు. అంతా కలిపినా ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లు దాటదు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే బండి గుంజదు. రెండో గేరులో అరుస్తా పోవాల్సిందే. మా నాయనకు 74 ఏండ్లు, చెవికి మిషన్ పెట్టుకుంటాడు. కారెక్కితే ఆ హోరు మిషన్‌లో ఇంకా పెద్దగా వినపడుతుందని తీసి జేబులో వేసుకుంటాడు. ఇంక దిగేదాకా మాటా పలుకూ ఉండదు. రొద తక్కువగా, బలం ఎక్కువగా ఉండే బండి కావాల. ఆన్-రోడ్ 15 లక్షలు దాటకూడదు. నా భార్య కూడా నడుపుతుంది కాబట్టి ఆటోమేటిక్ అయితే మేలు. సొంత ఇల్లు, పోర్టికో ఉంది. ఒక షోరూములో డీజిల్ తీసుకోమన్నారు, ఇంకో షోరూములో హైబ్రిడ్ అన్నారు, మా బావమరిది ఎలక్ట్రిక్ జోలికి మాత్రం పోవద్దంటాడు. మీరేమంటారు?
ఒక పాఠకుడు, కడప

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ జేబులోకి పోయిన ఆ చెవి మిషన్ దగ్గరే ఆగాను. మామూలుగా కారు గురించి రాసేవాళ్లు మైలేజీ ఎంత, తెర ఎన్ని అంగుళాలు అని అడుగుతారు. మీరు అడిగింది వేరు. ఈ జవాబు కూడా ఆ మిషన్‌ను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

రొద తగ్గాలి, బలం పెరగాలి అని రెండు కోరికలుగా రాశారు. మీ ఘాట్ రోడ్డు వరకు ఆ రెండూ ఒకటే కోరిక.

మన సీమలో బండలాగుడు పోటీలు చూడనివాళ్లు ఉండరు కదా. బండ కదలాలంటే ఎద్దులకు గుంజే సత్తువ ఉండాలి. బహుమానం మాత్రం ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో చూసి ఇస్తారు. గుంజే సత్తువ టార్క్ అనుకోండి, ఇచ్చిన టైములో లాగిన దూరం పవర్. సత్తువ తక్కువున్న జతతో కూడా బండ లాగించవచ్చు. కానీ చర్నాకోల ఆగదు, కేకలు ఆగవు. మీ వ్యాగన్ ఆర్ ఘాట్‌లో చేసే అరుపు ఆ కేకే. ఇంజన్ చెడిపోలేదు, దానికున్న శక్తంతా ఎక్కువ చుట్లు తిరిగితే గానీ బయటికి రాదు.

లెక్క చూడండి. మీ బండిది 998 సీసీ ఇంజన్. గరిష్ఠ టార్క్ 90 ఎన్.ఎం. (న్యూటన్ మీటర్లు, టార్క్‌కు కొలత), అదీ 3500 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 3500 చుట్లు తిరిగినప్పుడు. కంపెనీ చెప్పే 68 పి.ఎస్. (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్ 6200 ఆర్‌పీఎం దాకా తొక్కితేనే వస్తుంది. నెమ్మదిగా 2000 ఆర్‌పీఎం మీద పోతున్నప్పుడు దాని దగ్గర ఉండేది మహా అయితే 24 పి.ఎస్. ఐదుగురు, సామాన్లు కలిపి బండి బరువు సుమారు 1250 కిలోలు అనుకుందాం. వంద మీటర్లు ముందుకు పోతే ఆరు మీటర్లు పైకి లేచే మిట్టలో 50 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గరికే 20 పి.ఎస్. దాకా చేరాలి. ఏసీ మూడు నాలుగు తింటుంది. గేర్లలో కొంత పోతుంది. అంటే జేబులో పైసా మిగలదు. కాబట్టి మీరు గేరు దించుతారు, ఇంజన్ నాలుగు వేలకు పోతుంది, మీ నాయన చేయి చెవి మీదికి పోతుంది. ఎండాకాలం ఇంకా కష్టం. 44 డిగ్రీల గాలి పలచగా ఉంటుంది, 25 డిగ్రీల రోజుతో పోలిస్తే టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిపెట్టి పంపే పరికరం) లేని ఇంజన్‌కు నూటికి ఆరు వంతుల బలం అక్కడే తగ్గుతుంది.

అదే 2000 ఆర్‌పీఎం దగ్గర కియా సోనెట్, హ్యుందాయ్ వెన్యూల్లో వచ్చే 1.0 టర్బో పెట్రోలు ఇంజన్‌ను చూడండి. టార్క్ 172 ఎన్.ఎం., అంటే 49 పి.ఎస్. చేతిలో ఉన్నట్టు. అదే సోనెట్‌లోని 1.5 డీజిల్‌కు 250 ఎన్.ఎం., అంటే 71 పి.ఎస్. కొత్త బండ్లు మీ దానికంటే రెండు మూడు వందల కిలోలు బరువెక్కువ, ఆ మాట నిజమే. అది తీసేసినా బోలెడు మిగులుతుంది. ఇంజన్ గొంతు పెంచకుండా కొండ ఎక్కుతుంది. కాబట్టి షోరూములో ఎన్ని పి.ఎస్. అని అడగడం మానేసి, టార్క్ ఎంత, అది ఎన్ని ఆర్‌పీఎం నుంచి వస్తుంది అని అడగండి. 1500 నుంచి 2000 లోపల మొదలైతే మీకు పనికొచ్చే బండి. 4300 దగ్గర వస్తుందంటే మీ మిట్టకు కాదు. హోండా సిటీ, ఎలివేట్‌లలోని 1.5 పెట్రోలు మంచి నాలుగు సిలిండర్ల ఇంజన్, ఊళ్లో అసలు ఉందో లేదో తెలియనంత నున్నగా తిరుగుతుంది. దాని 145 ఎన్.ఎం. మాత్రం 4300 దగ్గర వస్తుంది. మారుతి బ్రెజాదీ అదే కథ. ఘాట్‌లో ఇవి కూడా అరుస్తాయి, కాస్త మర్యాదగా అరుస్తాయంతే.

ఇదంతా ఇంజన్ రొద గురించి. 70, 80 కిలోమీటర్ల వేగం దాటాక ఇంజన్ కంటే టైర్ల రొద, గాలి రొద ముందుకొస్తాయి. రాయచోటి దాటి రోడ్డు బాగున్నచోట మీ నాయనను ఇబ్బంది పెడుతున్నది ఇదే అయ్యుండొచ్చు. దీన్ని కొత్త ఇంజన్ తగ్గించలేదు. అందుకే కొత్త బండి కొనే లోపల పాత బండికి ఒక పూట కేటాయించమంటాను. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనదని. టైరు పాతబడి గట్టిపడితే అరుగుదల కనపడకపోయినా హోరు పెరుగుతుంది. నున్నటి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు హోరు ఒకవైపు పెరిగి, ఇంకోవైపు తగ్గుతుంటే వీల్ బేరింగ్ పోయినట్టే. బండి నిలబెట్టి ఉన్నప్పుడు స్టీరింగు, డ్యాష్‌బోర్డు అదురుతుంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూపించండి, పదమూడేళ్లు దాటిన బండికి అవి కూర్చుండిపోయి ఉంటాయి. డోరు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే అక్కడి రబ్బరు బీడింగ్ పని అయిపోయింది. ఇవి బాగు చేయించుకుని పాత బండే పెట్టుకోమనడం లేదు. 90 ఎన్.ఎం. ఎప్పటికీ 90 ఎన్.ఎం.యే, పైగా 2027లో రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండుతాయి. కానీ ఏ రొద ఎక్కడిదో తెలియకుండా కొత్త బండి ఎక్కితే, పాత బాధే కొత్త వాసనతో ఎదురొస్తుంది.

ఇందులో నేను స్వయంగా దెబ్బతిన్నాను. పోయినసారి కారు కొన్నప్పుడు షోరూము ముందున్న కొత్త తారు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి, ఎంత నిశ్శబ్దమో అని మురిసిపోయాను. అది కింది మోడల్. నేను బుక్ చేసింది పై మోడల్. తేడా పెద్ద అలాయ్ వీల్స్, సన్నపు టైర్లు. ఇంటికొచ్చాక గరుకు రోడ్డు మీదికి తీసుకుపోతే రాళ్లమిల్లులో కూర్చున్నట్టుంది. డబ్బు ఎక్కువ పెట్టి రొద కొనుక్కున్నాను. కాబట్టి ఏ మోడల్ కొంటారో ఆ మోడలే, ఆ సైజు చక్రాలతోనే నడిపి చూడండి. పక్కగోడ ఎత్తుగా ఉన్న టైరు మన రోడ్లకు మెత్తగా ఉంటుంది, చప్పుడు కూడా కొంత మింగుతుంది. సన్‌రూఫ్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. కడప ఎండలో సన్‌రూఫ్ అంటే గొడుగు కొని దానికి నడుమ బెజ్జం పెట్టుకోవడమే. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి.

ఇక డీజిల్. ఒక్క ఘాట్ గురించే అయితే దానికే ఓటు వేసేవాణ్ణి. కానీ మీ రోజువారీ తిరుగుడు ఆరు కిలోమీటర్లు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ మీద పెట్టిన నియమం) డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది తనలోని మసిని తానే కాల్చుకోవాలంటే బండి వేడెక్కి, ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా మంచి వేగంతో పోవాలి. కోటిరెడ్డి సర్కిల్, ఏడురోడ్ల మధ్య తిరిగే బండికి ఆ యోగం ఎక్కడిది? లైటు వెలుగుతుంది, సర్వీసింగ్ సెంటరుకు పోతారు, నెలకోసారి అదే పని. వారం వారం నంద్యాల దాకా పోయొచ్చే వ్యాపారి అడిగివుంటే ఇంకో మాట చెప్పేవాణ్ణి. మీకు డీజిల్ వద్దు.

హైబ్రిడ్ మంచి బండే, మీ సమస్యకు మాత్రం తిరగబడిన మందు. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజన్, బ్యాటరీతో నడిచే మోటారు రెండూ ఉన్న బండి. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు బ్యాటరీ మీద చప్పుడు లేకుండా పోతాయి. నిండా మనుషులతో మిట్ట ఎక్కేటప్పుడు వాటి మూడు సిలిండర్ల ఇంజన్ లేచి, వేగంతో సంబంధం లేకుండా ఒకే శ్రుతిలో మోగుతుంది. అంటే మీకు బాధ లేనిచోట నిశ్శబ్దం, బాధ ఉన్నచోట రొద. పైగా మీ 15 లక్షల్లో అవి ఇమడడం కష్టం.

మిగిలినవి టర్బో పెట్రోలు, ఎలక్ట్రిక్. మీ బావమరిది చిన్నబుచ్చుకోకుంటే, నేను ఎలక్ట్రిక్‌ను మొదట పెడతాను. మీరు అడిగిన రెండూ ఒకేచోట ఉన్నది అందులోనే. మోటారుకు టార్క్ సున్నా నుంచే వస్తుంది, చర్నాకోలతో పనే లేదు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఎలక్ట్రిక్‌కు 215 ఎన్.ఎం., మీ బండికి రెండింతలకు పైమాట, అదీ కాలు ఆనించగానే. గేర్లు ఉండవు కాబట్టి ఆటోమేటిక్ కావాలన్న మాట కూడా తీరిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగేటప్పుడు మోటారే బండిని పట్టుకుంటుంది, ఆ దిగుడులో కొంత కరెంటు తిరిగి బ్యాటరీలో చేరుతుంది. ఒక్క మాట ముందే తెలిసుండాలి. ఇంజన్ రొద పోయాక టైర్ల రొద బయటపడుతుంది, పెళ్లివారంతా పోయాక గోడ గడియారం చప్పుడు వినపడ్డట్టు. అందుకే టైర్ల గురించి అంత చెప్పాను.

మీ బావమరిది భయం ఊరికే పుట్టింది కాదు. కంపెనీ చెప్పే రేంజిలో (ఒకసారి చార్జ్ చేస్తే పోయే దూరం) హైవే మీద ఏసీతో, ఐదుగురితో మూడింట రెండు వంతులు వస్తుందని లెక్కేసుకోవడం క్షేమం. బెంగళూరు మీకు 250 కిలోమీటర్లకు పైనే కాబట్టి దారిలో ఒకసారి చార్జింగ్ తప్పదు. ఇంటి దగ్గర దిగుల్లేదు. మంచి ఎర్తింగ్ ఉన్న 15 ఆంపుల ప్లగ్గు చాలు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే నిండడానికి పదిహేను గంటలు పట్టొచ్చు, కానీ రోజుకు ఆరు కిలోమీటర్లు పోయే మీరు వారానికోసారి రాత్రి పెట్టి పడుకుంటే సరిపోతుంది. 7 కిలోవాట్ల గోడ చార్జర్ పెట్టించుకుంటే మాత్రం కరెంటు ఆఫీసులో మంజూరైన లోడు పెంచుకోవాల్సి రావచ్చు, ముందే అడగండి. అసలు ప్రశ్న దారిలోదే. ఆ ప్రశ్నకు నేనో, షోరూమువాళ్లో, మీ బావమరిదో జవాబు చెప్పడం కంటే మీరే తేల్చుకునే ఉపాయం ఒకటుంది. ఈసారి బెంగళూరుకు పాత బండిలోనే పోండి, కానీ ఎలక్ట్రిక్ బండిలో పోతున్నట్టు పోండి. రాయచోటి, మదనపల్లె, అవతల చింతామణి వైపు ఫోన్‌లో చూపించే ఫాస్ట్ చార్జర్ల దగ్గరల్లా ఐదు నిమిషాలు ఆగండి. పనిచేస్తోందా, క్యూ ఉందా, పక్కన కూర్చోడానికి నీడ, బాత్రూము ఉన్నాయా చూడండి. 74 ఏండ్ల మనిషితో పోతున్నారు, ఎలాగూ ఒకచోట అరగంట ఆగుతారు. మీరు ఆగే చోటూ, చార్జరు పనిచేసే చోటూ ఒకటైతే బావమరిదిని ఎదురు కూర్చోబెట్టి మాట్లాడొచ్చు. దారిలో నమ్మదగినవి కనీసం రెండు లేకపోతే వదిలేయండి, అలాంటి బండిలో నిశ్శబ్దం ఉన్నా మనసుకు నిమ్మళం ఉండదు.

వదిలేస్తే టర్బో పెట్రోలు. సోనెట్, వెన్యూ, నెక్సాన్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, స్కోడా కైలాక్, అన్నీ నాలుగు మీటర్ల లోపువే. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటని, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం. పొడవు దాటినా, సీసీ దాటినా 40. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా 1462 సీసీ ఇంజన్ వల్ల 40లో పడింది. ఎలక్ట్రిక్‌కు 5 శాతమే. నేను చెప్పిన ఆ ఐదు టర్బో పెట్రోలు బండ్లదీ మూడు సిలిండర్ల ఇంజన్, నాలుగు సిలిండర్ల నున్నదనం ఉండదు. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు సన్నగా అదురు తెలుస్తుంది. మీ వ్యాగన్ ఆర్‌దీ మూడు సిలిండర్లే కాబట్టి మీకు కొత్తేమీ కాదు, పైగా వీటిలో మౌంటింగులు చాలా మెరుగు.

ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కావు. గేరు బాక్సు పేరు అడిగి మరీ తీసుకోండి. ఏఎంటీ అంటే మామూలు గేరు బాక్సునే యంత్రం మార్చేది. అది చవక, కానీ మిట్టలో గేరు మార్చే ప్రతిసారీ ఊపిరి బిగపట్టి తల ఊపుతుంది, వెనక కూర్చున్న పెద్దాయన తలా ఊగుతుంది. విడివిడి గేర్లు లేని సీవీటీ మిట్టలో ఒకే రాగం పడుతుంది. రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్‌ది వేగం బాగుంటుంది, కానీ ట్రాఫిక్‌లో ఆగుతూ పాకుతూ పోయేటప్పుడు, అందులోనూ ఎండాకాలం, కొన్ని వేడెక్కుతాయి. ఆయిల్ ద్వారా బలం అందించే టార్క్ కన్వర్టర్‌ను పాతకాలపుదని తీసిపారేస్తారు గానీ నిండు బండితో కొండ ఎక్కడానికి దాని మెత్తదనమే మేలు. 3ఎక్స్‌ఓ, కైలాక్‌లలో టర్బో పెట్రోలుతో అది దొరుకుతుంది. 3ఎక్స్‌ఓకు మామూలు టర్బోలోనే 200 ఎన్.ఎం. కాబట్టి పెట్రోలులో నేను మొదట నడపమనేది దాన్నే. సెడాన్‌లో డిక్కీ వేరుగా ఉండడం వల్ల వెనక టైర్ల రొద క్యాబిన్‌లోకి తక్కువ వస్తుంది, నిజమే. కానీ కిందికి కూలబడి కూర్చుని, మోకాళ్ల మీద లేవడం మీ నాయన వయసుకు తగదు. సీటు నడుము ఎత్తులో ఉండే బండే చూడండి.

చెవి మిషన్ గురించి కూడా రెండు మాటలు, ఇవి కారు కొనకముందే చేయొచ్చు. బొంగురు హోరు దానికంటే సన్నటి శబ్దాలను కూడా కప్పేస్తుంది, మాటలు అర్థమయ్యేది ఆ సన్నటి శబ్దాలతోనే. ఇప్పటి మిషన్లు చాలావాటిలో రొద ఉన్న చోట్లకు వేరే సెట్టింగ్ ఉంటుంది. మిషన్ ఇచ్చిన ఆడియాలజిస్టును కారు ప్రయాణం కోసమని చెప్పి పెట్టించుకోండి. మీ నాయనను ముందు సీట్లో కూర్చోబెడుతున్నారనుకుంటాను, అది మర్యాద. కానీ అక్కడ కూర్చుంటే వెనకవాళ్ల ముఖాలు కనపడవు, పెదాలు చూసి అందుకునే మాటలు కూడా పోతాయి. ఎడమ చెవి మెరుగైతే వెనక సీట్లో కుడివైపు, కుడి చెవి మెరుగైతే వెనక ఎడమవైపు కూర్చోబెట్టి చూడండి. మంచి చెవి మనుషుల వైపు ఉంటుంది.

ఇక టెస్ట్ డ్రైవ్. షోరూమువాళ్లు రింగ్ రోడ్డులో ఒక చుట్టు తిప్పి తాళాలు తీసుకుంటారు. ఒప్పుకోవద్దు. గువ్వలచెరువు దాకా అని ముందే చెప్పి ఫోన్ చేయండి, కొనే మనిషి అని తెలిస్తే ఇస్తారు. మధ్యాహ్నం పూట, ఐదు సీట్లూ నింపుకుని, ఏసీ వేసి పోండి. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టుకోవచ్చు. దాని అంకె సరిగ్గా ఉండదు గానీ ఒకే ఫోను, ఒకే సీటు, అదే రోడ్డు, అదే వేగం అయితే మీ వ్యాగన్ ఆర్‌కూ కొత్త బండికీ తేడా చెప్తుంది. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి సగం రొద తగ్గినట్టుంటుంది, అంత రాదు, నాలుగైదు తగ్గినా గొప్పే.

యాప్ మీకోసం. అసలు పరీక్ష మీ నాయనది. మిషన్ చెవిలోనే ఉంచమని చెప్పండి. మిట్ట మధ్యలో, గొంతు పెంచకుండా, పెద్దోడి కాలేజీ సంగతో పొలం సంగతో ఏదో ఒకటి చెప్పండి. పైన గువ్వలచెరువులో ఎలాగూ పాలకోవాకు ఆగుతారు. అక్కడ దిగాక, ఘాట్‌లో నేనేం చెప్పినా నాయనా అని అడగండి. చెప్పగలిగితే అదే బండి బుక్ చేయండి.